హోసూరు గోడ మీది చీటీలు, బెంగళూరు గోడ మీది చీటీలు

ఈసారి రాసింది కొంచెం పెద్దదే అయింది. టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

మన సంఘంలో చాలా ఇళ్ళలో ఒక చిత్రమైన సంగతి ఉంది. నాయన 1980లలో హోసూరు ఫ్యాక్టరీలో చేరి, ముప్పై ముప్పై అయిదేళ్ళు పనిచేసి, ఇప్పుడు ధర్మపురిలోనో పాలక్కోడులోనో ఇంటిపట్టున ఉంటారు. కొడుకో కూతురో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ పిల్లలు కొన్ని శనివారాలు సెలవు కూడా మానుకుని వేరే కంపెనీ ఆఫీసులో పోగవుతారు. గోడకు రంగురంగుల చీటీలు అంటించి 'లీన్', 'కాన్‌బాన్' అంటూ పూటంతా మాట్లాడుకుని వస్తారు. "ఏం చేశారురా అక్కడ?" అని అడిగితే "అది సాఫ్ట్‌వేర్ విషయం, నీకు అర్థం కాదులే నాయనా" అంటారు.

నాయన ఆ మాట ముప్పై ఏళ్ళ కిందటే విన్నారు. విడిభాగాల డబ్బాకు తగిలించిన చీటీని రోజూ చేత్తో పట్టుకున్నారు. ఒకే మాటను ఇద్దరూ వాడుతున్నారని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలియదు.

పిల్లలు పోగయ్యే ఆ కూటముల చరిత్ర ఏమిటి, అవి ఎక్కడ పుట్టాయి, వాటిలో మన తెలుగు నేలకు, మన ధర్మపురి వైపుకు ఉన్న వాటా ఎంత అన్నది రాద్దామని కూర్చున్నాము. వాటా ఉంది. చిన్నదేమీ కాదు. కానీ చెప్పినవాళ్ళు తక్కువ.

ముందు ఆ మాట సంగతి. కాన్‌బాన్ అంటే జపాన్ భాషలో బోర్డు, అంగడి ముందు వేలాడే బోర్డు లాంటిది. దాన్ని ఫ్యాక్టరీ మాటగా మార్చింది టయోటా కంపెనీలో పనిచేసిన తైయిచి ఓనో. యుద్ధంలో ఓడిన దేశం, చేతిలో డబ్బు లేదు, గోదాముల నిండా సరుకు చేసి పెట్టుకునే స్తోమత లేదు. అమెరికాలో సూపర్‌మార్కెట్లు ఎలా నడుస్తాయో ఆయన చెవిన పడింది. కొనేవాళ్ళు అరలోంచి నాలుగు డబ్బాలు తీసుకుంటే, అంగడివాళ్ళు ఆ నాలుగే మళ్ళీ తెచ్చి పెడతారు. అరలోని ఖాళీయే ఆర్డరు. 1950ల మొదట్లో ఓనో తన మెషిన్ షాపులో ఇదే పద్ధతి పెట్టాడు. ముందు వరసలోని మనిషి డబ్బా ఖాళీ చేసి, దాని చీటీని వెనక వరసకు పంపాలి. చీటీ వస్తేనే వెనకవాళ్ళు తయారు చెయ్యాలి, రాకపోతే చెయ్యకూడదు. 1962 నాటికి ఈ పద్ధతి టయోటా కంపెనీ అంతటికీ పాకింది. ఓనో దీని మీద పుస్తకం రాసింది మాత్రం 1978లో.

మన పాలక్కోడు టమాటా మార్కెట్‌ను చూసినవాళ్ళకు ఇది చప్పున తెలుస్తుంది. ధర బాగుందని విని ఊళ్ళకు ఊళ్ళు ఒకే వారం కోసి తోలితే ఏమవుతుంది? పెట్టెలు గుట్టలు పడతాయి, ధర పడిపోతుంది, చివరకు రోడ్డు పక్కన పారబోస్తారు. ఎవరూ బద్ధకంగా లేరు, అందరూ కష్టపడ్డారు, అయినా నష్టం. వెనకనుంచి తోసే పద్ధతి అంటే అదే. ముందునుంచి అడిగినంతే కదిలించడం దానికి ఎదురు పద్ధతి. కాన్‌బాన్ అనేది ఆ రెండోదానికి పెట్టిన చీటీ.

దీని వెనక ఒక చిన్న లెక్క కూడా ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ఆచార్యుడు దాన్ని నిరూపించాడు. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్‌లో ముప్పై మంది దోసె కోసం నిలబడి ఉన్నారు, పెనం మీద నిమిషానికి రెండు దోసెలు దిగుతున్నాయి. చివర నిలబడినవాడు పదిహేను నిమిషాలు ఆగాలి. అరిచినా, ముందే టోకెన్ తీసుకున్నా, యజమానికి చుట్టమైనా మొత్తం లెక్క మారదు, వాడు ముందుకొస్తే ఇంకొకడు వెనక్కి పోతాడు, అంతే. వేచి ఉండే కాలం తగ్గాలంటే పెనమైనా పెంచాలి, వరసైనా తగ్గించాలి. సాఫ్ట్‌వేర్ పిల్లలు 'చేతిలో ఉన్న పనికి హద్దు పెట్టాలి' అని గొంతు చించుకునేది ఈ వరస గురించే.

ఇక కూటముల సంగతి. టయోటా పద్ధతి ప్రపంచమంతా తెలియకముందే జపాన్‌లో ఇంకో పని జరిగింది, మా దృష్టిలో అదే అసలు మొదలు. 1962లో కావోరు ఇషికావా అనే ఆచార్యుడి పూనికతో, అక్కడి శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల యూనియన్ కార్మికుల కోసం ఒక పత్రిక తెచ్చింది. దాన్ని కలిసి చదువుకోవడానికి షాప్ ఫ్లోర్ మీద చిన్న చిన్న బృందాలు ఏర్పడ్డాయి. వాటికే క్వాలిటీ సర్కిల్ అని పేరు. మరుసటి సంవత్సరం, 1963లో, సెందాయ్ నగరంలో ఆ బృందాల తొలి సభ జరిగింది. మేనేజర్ల ప్రసంగాలు వినడానికి పెట్టిన సభ కాదది. మెషిన్ దగ్గర నిలబడేవాళ్ళు వేదిక ఎక్కి, మా దగ్గర ఈ లోపం ఉండేది, ఇలా వెతికాము, ఇలా సరిచేశాము అని వేరే ఫ్యాక్టరీ కార్మికులకు చెప్పారు. పని చేసే చేతులే పని గురించి నోరు విప్పి చెప్పడం. ఈ రోజు శనివారం పూట బెంగళూరులో మన పిల్లలు చేసేదానికి ముత్తాత లాంటి సభ అదే.

ఆ మొక్క మన దేశంలో మొదట నాటుకున్నది ఎక్కడో తెలుసా? బొంబాయిలో కాదు, మద్రాసులో కాదు. హైదరాబాద్ పక్కన రామచంద్రాపురంలో. 1980లో అక్కడి బీహెచ్ఈఎల్ కర్మాగారంలో ఎస్.ఆర్. ఉడ్ప గారి చొరవతో దేశంలో తొలి క్వాలిటీ సర్కిళ్ళు మొదలయ్యాయి. రెండేళ్ళకు, 1982లో, ఆయనే అధ్యక్షుడుగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని ముఖ్య కార్యాలయం సికింద్రాబాద్‌లో. ఇప్పటికీ ఆ ఫోరం ఏటా జాతీయ సభ పెడుతుంది. ఫ్యాక్టరీ బృందాలు ప్రాంతీయ పోటీల్లో నెగ్గి అక్కడికి వెళ్తాయి. చేప ముల్లు బొమ్మ, పట్టికలు, గ్రాఫులు చార్టు మీద గీసుకుని, కేటాయించిన కొద్ది నిమిషాల్లో తమ కథ చెప్పుకుంటాయి. హోసూరు ఫ్యాక్టరీల నుంచి అలా వెళ్ళి వచ్చినవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. వాళ్ళ ఇంటి షోకేసులో షీల్డు ఉంటుంది. అది దేనికి వచ్చిందని మనవళ్ళు ఎప్పుడూ అడగరు.

ఇప్పుడు హోసూరు. కొత్త తరానికి ఒక మాట గుర్తు చెయ్యాలి. ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి ఏర్పడింది. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి వేరే జిల్లా అయ్యేదాకా హోసూరు మన జిల్లాలోనే ఉండేది. కాబట్టి హోసూరులో 2004 దాకా జరిగినదంతా ధర్మపురి జిల్లా చరిత్రే. దాన్ని వదులుకోవలసిన పని మనకు లేదు.

1980 ప్రాంతంలో ఆ ఊరి ముఖం మారిపోయింది. అప్పటిదాకా తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలిసి వినిపించే సంతల ఊరు అది. అశోక్ లేలాండ్ లారీల ఫ్యాక్టరీ వచ్చింది. టీవీఎస్ 50 మోపెడ్ అక్కడ తయారై రోడ్డెక్కింది. తర్వాత కొన్నేళ్ళకు టైటాన్ వాచీలు. టీవీఎస్ వాళ్ళు జపాన్ సుజుకీతో కలిసి బైకులు చేశారు, 2001లో ఆ పొత్తు ముగిసింది. మరుసటి సంవత్సరమే, 2002లో, టీవీఎస్ మోటార్ కంపెనీకి డెమింగ్ ప్రైజు వచ్చింది. నాణ్యత విషయంలో జపాన్ వాళ్ళు ఇచ్చే పెద్ద గుర్తింపు అది, 1951 నుంచి ఇస్తున్నారు. ఆ బహుమానం హోసూరుకు వచ్చేనాటికి హోసూరు ధర్మపురి జిల్లా ఊరే. డెంకణికోట, బాగలూరు, సూళగిరి వైపు తెలుగు ఇళ్ళనుంచి సైకిల్ తొక్కుకుంటూ షిఫ్టుకు వెళ్ళినవాళ్ళ చేతులు అందులో ఉన్నాయి. ఆ పేరు పేపర్లో కంపెనీకి వచ్చింది, కంపెనీ పెద్దలకు వచ్చింది. రావలసిందే. చేతుల సంగతి పేపర్ల పని కాదు, అది మన లాంటి సంఘాల పని.

సాఫ్ట్‌వేర్ వైపు వద్దాం. ఫ్యాక్టరీ పద్ధతికి 'లీన్' అనే ఇంగ్లీషు పేరు 1988లో జాన్ క్రాఫ్చిక్ అనే ఆయన పెట్టాడు. లీన్ అంటే కొవ్వు లేనిది, బక్కపలచనిది. 1990లో ముగ్గురు పరిశోధకులు టయోటా మీద రాసిన పుస్తకంతో ఆ పేరు లోకమంతా పాకింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళలో కొందరు 2001లో అమెరికాలోని యూటా కొండల్లో కలిసి, బరువైన పద్ధతులు మానేద్దామని ఒక ప్రకటన చేశారు. అజైల్ ఉద్యమం అంటే అదే. 2003లో మేరీ పాపెండీక్, టామ్ పాపెండీక్ దంపతులు లీన్ సూత్రాలను సాఫ్ట్‌వేర్ పనికి అన్వయిస్తూ పుస్తకం తెచ్చారు. అంతవరకూ ఇది పుస్తకాల్లో మాట.

పని లోకి దిగింది 2004లో. ఎక్కడ? ఇక్కడ కూడా హైదరాబాదే.

ఈ కథ కాస్త నిదానంగా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ కంపెనీకి తన సొంత అవసరాల కోసం వాడుకునే ప్రోగ్రాములు చాలా ఉంటాయి. వాటిలో కొన్నింటి మరమ్మతు పని చూసే చిన్న బృందం ఒకటి ఉండేది. మేనేజరు అమెరికాలోని రెడ్మండ్‌లో, పని చేసేవాళ్ళు హైదరాబాద్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీలో. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు. కాగితం మీద ఆ కంపెనీకి అత్యున్నత స్థాయి సర్టిఫికెట్టు ఉంది. అయినా ఆ విభాగంలో అందరికంటే చెడ్డపేరు వీళ్ళదే. ఒక చిన్న మార్పు అడిగితే చేతికొచ్చేసరికి అయిదు నెలలు. పెండింగులో ఎనభైకి పైగా పనులు, రోజురోజుకూ పెరుగుతూనే ఉన్నాయి. డ్రాగోస్ డుమిత్రియు అనే ఆయన ఆ బాధ్యత తీసుకుని, అప్పుడు మైక్రోసాఫ్ట్‌లోనే ఉన్న డేవిడ్ ఆండర్సన్ సలహా అడిగాడు.

వాళ్ళు చూసిందేమిటంటే, హైదరాబాద్ మనుషులు బద్ధకస్తులు కారు, తెలివితక్కువవారు అసలే కారు. ఎవరు ఏ పని అడిగినా, దానికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేసి రెండు రోజుల్లో చెప్పాలని నియమం. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి అంచనా వెయ్యాలి. అలా వేసిన అంచనాల్లో చాలా పనులు తర్వాత ఎవరూ చేయించుకునేవారు కాదు. జట్టు శక్తిలో మూడో వంతుకు పైగా ఈ అంచనాలకే పోతోంది. పెళ్ళి భోజనానికి వంటవాణ్ణి పిలిచి, వంట మధ్యలో గంటకోసారి బయటికి రమ్మని, వచ్చే నెల సీమంతానికి ఎన్ని లడ్లు కావాలో లెక్క చెప్పమన్నట్టు ఉంది. లోపల పొయ్యి మీద సాంబారు మాడుతుంటే వంటవాణ్ణి తిట్టి ఏం లాభం?

అంచనాలు ఆపేశారు. చేతిలో ఉన్న పనికి హద్దు పెట్టారు. చోటు ఖాళీ అయినప్పుడే కొత్త పని లోపలికి. ఆ ఖాళీలోకి ఏది రావాలో పని అడిగే విభాగాల వాళ్ళే మాట్లాడుకుని తేల్చుకోవాలి. తర్వాత టెస్టర్ల దగ్గర కొంచెం తీరిక ఉందనీ, డెవలపర్ల దగ్గరే ఇరుకనీ తెలిసి, సమానంగా ఉన్న నిష్పత్తిని రెండుకు ఒకటిగా మార్చారు. మనుషుల్ని పెంచింది చివర్లోనే. 2005 నవంబరు వచ్చేసరికి పెండింగు పూర్తిగా కరిగిపోయింది. సుమారు 155 రోజులు పట్టే పని సగటున 14 రోజుల్లో బయటికి వస్తోంది. విభాగంలో అట్టడుగున ఉన్న జట్టు పైకి చేరింది.

తొప్పూరు ఘాటులో లారీ అడ్డం పడితే ఏం జరుగుతుందో మనకు తెలుసు. వెనక ధర్మపురి వైపునుంచి ఇంకో వంద బండ్లను తోలితే ఘాటు తొందరగా దాటుతామా? వెనక బండ్లను ఆపితేనే ముందు దారి తెరుచుకుంటుంది. ఆ జట్టు చేసింది అంతే.

సాఫ్ట్‌వేర్ లోకంలో కాన్‌బాన్ చరిత్ర చెప్పేవాళ్ళందరూ ఈ కథతోనే మొదలుపెడతారు. తొలి ఉదాహరణ ఇదే. ప్రపంచానికి ఇది తెలిసింది మాత్రం రెడ్మండ్ వైపునుంచి, ఆండర్సన్, డుమిత్రియు పేర్ల మీద. అందులో తప్పు పట్టేందుకు ఏమీ లేదు, వాళ్ళు ఆలోచించారు, రాశారు, సభల్లో నిలబడి చెప్పారు. చెప్పినవాళ్ళ పేరే నిలుస్తుంది. కానీ అంచనాల గొడవ ఆగిపోయిన మొదటి వారం హైదరాబాద్‌లో ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఎలా అనిపించింది? ఒకేసారి ఒకే పని చేతిలో పెట్టుకోమంటే సంతోషపడ్డారా, ఖాళీగా కనిపిస్తామేమో అని భయపడ్డారా? ఆ వైపు కథ చెప్పే సభ పెట్టాల్సింది మనమే కదా. సెందాయ్‌లో 1963లోనే జరిగిన పని ఇది.

అదే 2004లో బెంగళూరులో విప్రో కంపెనీ టయోటా సూత్రాలను సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ప్రయత్నించడం మొదలుపెట్టింది. ముందు కొన్ని ప్రాజెక్టులతో పరీక్షించి, రెండేళ్ళలో వందల ప్రాజెక్టులకు పెంచారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్ళు వచ్చి అధ్యయనం చేసి రాశారు. హోసూరు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఇరవై పాతిక కిలోమీటర్లు. ఆ దూరం ఇవతల టీవీఎస్ వాళ్ళకు డెమింగ్ ప్రైజు వచ్చి అప్పటికి రెండేళ్ళే అయింది. ఒక వైపున్న విద్య అవతలి వైపుకు చేరడానికి జపాన్, అమెరికాలు తిరిగి పుస్తకాల రూపంలో రావలసి వచ్చింది. అత్తిబెలె చెక్‌పోస్టు దాటి నేరుగా రాలేకపోయింది. ఒక వైపు నీలం చొక్కా, ఇంకో వైపు మెడలో ట్యాగు. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మేము దీన్ని కులం తర్వాతి కులం అంటాము, ఎవరైనా కోపగించుకుంటే కోపగించుకోండి.

అమెరికాలో ఆ తర్వాత జరిగింది త్వరగా చెబుతాము. ఆండర్సన్ 2006లో సియాటిల్‌లో కార్బిస్ అనే ఫోటోల కంపెనీకి మారాడు. అక్కడ 2007లో డారెన్ డేవిస్ అనే సహచరుడు గోడ మీద బోర్డు పెట్టి చీటీలు అంటించాడు. హైదరాబాద్ జట్టుకు అలాంటి గోడ లేదు, అంతా కంప్యూటర్లోనే నడిచింది. ఈ రోజు కాన్‌బాన్ అనగానే అందరికీ గుర్తొచ్చే చీటీల గోడ అలా తర్వాత వచ్చి చేరిందే. 2007 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగిన అజైల్ మహాసభలో, కార్యక్రమంలో లేని ఒక పక్క కూటమిలో ఆండర్సన్ దీని గురించి మాట్లాడాడు. వచ్చింది పాతికమందో ఏమో. వాళ్ళలో జపాన్ నుంచి వచ్చిన కెంజి హిరనబే ఉన్నాడు, యాహూ కంపెనీ వాళ్ళు ఉన్నారు. ఆ కొద్దిమంది నుంచే ఇది దేశదేశాలకు పోయింది. 2009 మేలో మయామీలో లీన్, కాన్‌బాన్ పేరుతోనే విడిగా సభ జరిగింది. 2010లో ఆండర్సన్ పుస్తకం వచ్చింది. ఆ దశాబ్దంలోనే 'లీన్ కాన్‌బాన్ ఇండియా' సభలు, అజైల్ ఇండియా సభలు బెంగళూరులో జరుగుతూ వచ్చాయి, మన పిల్లలు వాటికి వెళ్ళడం మొదలుపెట్టారు.

పెద్ద సభలకంటే మాకు నచ్చింది ఒక చిన్న కూటమి పద్ధతి. 2009లో సియాటిల్‌లో జిమ్ బెన్సన్, జెరెమీ లైట్‌స్మిత్ అనే ఇద్దరు మొదలుపెట్టారు, పేరు లీన్ కాఫీ. అధ్యక్షుడు ఉండడు, ముఖ్య అతిథి ఉండడు, శాలువా ఉండదు. వచ్చినవాళ్ళు తలా ఒక చీటీ మీద తాము మాట్లాడదలచుకున్న సంగతి రాసి బల్ల మీద పెడతారు. తలా రెండు చుక్కలు, నచ్చిన చీటీల మీద పెట్టొచ్చు. ఎక్కువ చుక్కలున్నది ముందు. అయిదో ఎనిమిదో నిమిషాలు గడియారం పెట్టి మాట్లాడతారు. సమయం అయిపోగానే బొటనవేళ్ళు, పైకి చూపిస్తే ఇంకొంచెం సేపు, కిందికి చూపిస్తే తర్వాతి చీటీ. 'మాట్లాడాల్సినవి', 'మాట్లాడుతున్నది', 'అయిపోయినవి' అని మూడు గళ్ళు. చూడండి, ఆ కూటమే ఒక చిన్న కాన్‌బాన్ బోర్డు. మధ్య గడిలో ఎప్పుడూ ఒకే చీటీ. మన సర్వసభ్య సమావేశాల్లో ఒకరు మైకు పట్టుకుంటే ముప్పావుగంట వదలరన్నది అందరికీ తెలిసిందే, ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

ఇంతకీ ఫ్యాక్టరీ చీటీ, సాఫ్ట్‌వేర్ చీటీ ఒకటేనా? ఇక్కడే పిల్లలు నాయనలనుంచి నేర్చుకోవలసింది ఉంది. ఫ్యాక్టరీలో చీటీ పని కాదు, పని చెయ్యడానికి అనుమతి. డబ్బా వేరు, చీటీ వేరు. చీటీలు ఎన్ని ఉన్నాయో సరుకు అంతకు మించదు, అదే హద్దు. బెంగళూరు గోడ మీద చీటీ అంటే పనే. అనుమతి ఎక్కడుంది? చీటీ లేని ఖాళీ చోటులో ఉంది. గడి పైన మూడు అని రాసి, కింద రెండే చీటీలుంటే, ఆ ఖాళీయే కాన్‌బాన్. దీన్ని మరిచిపోయి గోడంతా చీటీలు నింపి, హద్దు రాయకుండా, మేము కాన్‌బాన్ చేస్తున్నాము అనుకునే జట్లు ఎన్నో. అది కాన్‌బాన్ కాదు, పనుల జాబితాను నిలువుగా అంటించడం. హోసూరులో డబ్బాకు చీటీ లేకుండా భాగాలు చేస్తే సూపర్‌వైజరు ఏమనేవాడో నాయనను అడిగి చూడండి.

అలాగే నాయనలు పిల్లలనుంచి వినవలసినదీ ఉంది. ఫ్యాక్టరీలో ఎక్కువ చేస్తే ఆ ఎక్కువ కాలికి తగులుతుంది, నడవడానికి దారి ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో సగం చేసి వదిలేసిన పనులు వంద ఉన్నా కంటికి కనబడవు, బల్ల శుభ్రంగానే ఉంటుంది. అందుకే వాళ్ళకు గోడ కావాలి. కనబడని గుట్టను కనబడేలా చెయ్యడమే ఆ రంగు చీటీల పని, పిల్లకాయల ఆట కాదు.

ఈ కథలో చేదు కూడా ఉంది, దాచిపెట్టడం ఇష్టం లేదు. 1972లో సతోషి కమాతా అనే జపాన్ జర్నలిస్టు టయోటాలో తాత్కాలిక కార్మికుడుగా చేరి, లైను వేగం మనుషుల్ని ఎలా పిండుతుందో మరుసటి సంవత్సరం పుస్తకంగా రాశాడు. వ్యర్థాన్ని తీసేస్తామన్న పేరుతో మనిషి ఊపిరి పీల్చుకునే క్షణాన్ని కూడా వ్యర్థంగా లెక్కగట్టే యాజమాన్యాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. హద్దు అనేది పనికి పెట్టాలి, పనివాడికి కాదు. సాఫ్ట్‌వేర్ వైపు ఇంకో రోగం, సర్టిఫికెట్ల వ్యాపారం. రెండు రోజుల తరగతి, చేతిలో కాగితం, వేలకు వేల ఫీజు. హైదరాబాద్ జట్టు ఉన్న కంపెనీకీ అత్యున్నత సర్టిఫికెట్టు ఉండేదని పైన రాశాము కదా. శనివారం ఉచిత కూటమిలో, తమ జట్టులో చెడిపోయిన సంగతిని దాచకుండా చెప్పే ఒక అమ్మాయి మాట ఆ కాగితాలకంటే విలువైనదని మా అభిప్రాయం.

తొందర ఎందుకంటే, 1980లలో హోసూరుకు వెళ్ళిన తరం ఇప్పుడు అరవై దాటింది. రెండు మూడేళ్ళుగా మన సంఘం సంతాప సందేశాల్లో ఆ తరం పేర్లు కనిపిస్తున్నాయి. వాళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీల చరిత్ర రికార్డుల్లో ఉంటుంది. లోపం దొరికిన రోజు చేప ముల్లు బొమ్మ ముందు కూర్చుని ఆరుగురు ఏం వాదించుకున్నారో, జపాన్ ఆచార్యుడు వచ్చి ఏ ప్రశ్న అడిగితే అందరూ తెల్లముఖం వేశారో, చీటీ పోగొట్టుకున్న రాత్రి షిఫ్టులో ఏమయిందో ఏ రికార్డులోనూ ఉండదు. అది తెలుగులో, మన వైపు తెలుగులో, వాళ్ళ నోట్లో మాత్రమే ఉంది.

కార్యవర్గంతో మాట్లాడాము, ఒప్పుకున్నారు. వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాల్లో ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దలు, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే పిల్లలు కలిసి కూర్చుంటారు. వీలైతే ఇంటికి ఇద్దరు, నాయన, బిడ్డ జంటగా రావాలి. అమ్మలు ఫ్యాక్టరీలో, ముఖ్యంగా వాచీల వైపు, పనిచేసిన ఇళ్ళు ఉన్నాయి, వాళ్ళు తప్పకుండా రావాలి. ప్రసంగాలు లేవు. చీటీలు, చుక్కలు, ఎనిమిది నిమిషాల గడియారం. పాత ఫోటోలు, క్వాలిటీ సర్కిల్ చార్టులు, షీల్డులు ఇంట్లో ఉంటే తీసుకురండి, అక్కడే ఫోటో తీసి మీకు తిరిగి ఇచ్చేస్తారు. మాట్లాడింది రికార్డు చెయ్యడానికి ఇద్దరు పిల్లలు ముందుకొచ్చారు, రాయడానికి ఇంకొకరు కావాలి. హాల్లో ముప్పై కుర్చీలే ఉన్నాయి, కాబట్టి ముప్పై పేర్లే తీసుకుంటాము. ముప్పై ఒకటో పేరు తర్వాతి నెలకు. టిఫిన్ తొమ్మిదిన్నరకే.